మీ ఆయన తాతముత్తాతల ఊరు వెతుకుదామా?

స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారని మీ వాడు చార్టు కాగితం పరుచుకుని కూర్చున్నాడు కదూ? మన వైపు కొమ్మలు చిటికెలో నిండిపోయాయి. తెనాలి అమ్మమ్మకి ఒక్క వాట్సాప్ కాల్ చేస్తే చాలు, దత్తత వెళ్లిన తాతయ్యతో సహా, చెప్పాపెట్టకుండా రంగూన్ వెళ్లిపోయిన చినతాతతో సహా అందరినీ ఏకరువు పెట్టేసింది. వాళ్ల నాన్న వైపు మాత్రం పెన్సిల్వేనియా ముత్తాత దగ్గర బండి ఆగిపోయింది. ఆ పైన 'జర్మనీ' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. మీ ఆయన్ని అడిగితే "అమెరికా అనే దేశం పుట్టకముందే వచ్చారట మా వాళ్లు" అనేసి ఫుట్‌బాల్ చూసుకోవడానికి వెళ్లిపోయాడు. మగవాళ్ల సంగతి తెలిసిందే.

ఇక నీ బెంగ నీది. "వాళ్ల వంశం గొడవ నాకెందుకక్కా? నేనేమో బయటినుంచి వచ్చినదాన్ని, పైగా తెలుగుదాన్ని" అంటావు. అలా అనుకోకు తల్లీ. ఏ ఇంట్లో అయినా ఎవరు ఎవరికి ఏమవుతారో ముందు నేర్చుకునేది కోడలే కదా? పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నవాళ్లకి అన్నీ తెలిసినట్టే ఉంటుంది, అందుకే ఎవరూ అడగరు. మనకి తెలియదు కాబట్టి అడుగుతాం. అడిగితే అత్తగారు మురిసిపోతారే తప్ప ఏమీ అనుకోరు.

మీ ఆయన అన్న మాట నిజమయ్యే అవకాశం కూడా బాగానే ఉంది. 1683 అక్టోబరులో క్రెఫెల్డ్ అనే ఊరి నుంచి 13 కుటుంబాలు 'కాన్‌కార్డ్' ఓడెక్కి ఫిలడెల్ఫియాలో దిగాయి. వాళ్లు కట్టుకున్న పేటే జర్మన్‌టౌన్. ఆ తర్వాత రైన్ నది వెంబడి ఊళ్ల నుంచి వేలమంది కదిలారు. యుద్ధాలు పంటల్ని తగలెట్టాయి, 1709 చలికాలం ద్రాక్షతోటల్ని మాడ్చేసింది, పన్నులు మిగిలిందాన్ని ఊడ్చేశాయి. ఆ ఏడు వేసవిలో దాదాపు 13,000 మంది లండన్ చేరి గుడారాల్లో పడి ఉన్నారు. అందులో మూడు వేలమంది దాకా మరుసటి ఏడు న్యూయార్క్ ఓడలెక్కారు. దారిలోనే జ్వరాలతో ఎంతమంది పోయారో. వర్జీనియాలో జర్మన్నా, జార్జియాలో ఎబెనెజర్, ఉత్తర కరోలినాలో న్యూ బెర్న్, ఇలా అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపు దిగారు గానీ, ఎక్కువమంది వచ్చిపడింది మాత్రం పెన్సిల్వేనియాకే. 1790లో మొదటి జనాభా లెక్కలు తీసేసరికి ఆ రాష్ట్రంలో సుమారు మూడోవంతు జర్మన్ మూలాలవాళ్లే.

సరే, మరి మొదలెక్కడ? ఇక్కడే అందరూ తొందరపడతారు. రాత్రికి రాత్రి జర్మనీలో ఊరు పట్టేయాలని, నెట్‌లో అదే ఇంటిపేరున్న మనిషి కనిపించగానే పట్టుకుని మనవాడే అని చెట్టుకి అతికించేస్తారు. వద్దమ్మా. సముద్రం దాటే పని చిట్టచివర. ఈ ఒడ్డున ఉన్న కాగితాలన్నీ చూసేదాకా ఆ ఒడ్డు జోలికి పోవద్దు. నా మాట విను, చాలా ఏడుపు తప్పుతుంది. జర్మనీలో యోహాన్ మ్యూలర్‌లు ఊరికి పదిమంది ఉంటారు. మనకి కావలసినవాడు ఎవరో చెప్పగలిగే కాగితం మాత్రం చాలాసార్లు అమెరికాలోనే ఏదో చర్చి పుస్తకంలో పడి ఉంటుంది.

కాబట్టి ఈ ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలయ్యాక అత్తగారికి ఫోన్ చెయ్యి. "మీ పూర్వీకులెవరు?" అని పెద్ద ప్రశ్న వేస్తే ఆవిడ తడబడతారు. చిన్నచిన్నవి అడుగు. మీ అమ్మగారి పుట్టింటి పేరేమిటి? మీ నానమ్మని ఎక్కడ పూడ్చారు? ఇంట్లో పాత బైబిల్ ఉందా, దాని మధ్య పేజీల్లో పుట్టినరోజులు రాసి ఉన్నాయా? అటక మీద రంగురంగుల చిలకలు, తులిప్ పూలు గీసిన ఫ్రేము ఏదైనా ఉందా? ఈ ఆఖరి ప్రశ్న మర్చిపోకు, ఎందుకో చెప్తాను.

పెన్సిల్వేనియా జర్మన్ ఇళ్లల్లో బిడ్డకి బాప్తిస్మం అయ్యాక 'టౌఫ్‌షైన్' అని ఒక పత్రం రాయించుకునేవాళ్లు. ఊళ్లో బడిపంతులో, ఊరూరా తిరిగే రాతగాడో ఈకకలంతో సొగసైన గోతిక్ అక్షరాలు దిద్ది, చుట్టూ పక్షులూ పూలూ హృదయాలూ వేసి, ఎరుపూ పసుపూ ఆకుపచ్చా నింపేవాడు. చూడ్డానికి ముచ్చటైన బొమ్మలా ఉంటుంది, గోడకి తగిలించేసి మర్చిపోతారు. చదివితే కదా తెలిసేది! బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, ఆవిడ పుట్టింటి పేరు, ఏ టౌన్‌షిప్, ఏ కౌంటీ, పాస్టర్ ఎవరు, సాక్షులెవరు, అన్నీ అందులోనే. ఆడవాళ్ల పుట్టింటి పేరు దొరికే చోట్లు ఆ కాలంలో ఎన్ని ఉంటాయంటావ్? అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుల భార్యలు, భర్త పోయాక పింఛను కోసం అర్జీ పెట్టుకుంటూ, పెళ్లయినట్టూ పిల్లలున్నట్టూ రుజువు కింద బైబిల్ పేజీలు చింపి, ఈ పత్రాలు ఫ్రేముల్లోంచి ఊడదీసి పంపేశారు. అవి ఇవాళ్టికీ వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో పింఛను ఫైళ్లలో ఉన్నాయి. ఇంట్లో బొమ్మ లేకపోతే ఆ ఫైళ్లలో వెతకడం మానకు. ఒక్క జాగ్రత్త: కొన్ని పత్రాలు బిడ్డ పుట్టిన ఎన్నో ఏళ్లకి రాయించినవి. చర్చి పుస్తకంతో సరిచూసుకోవాలి.

చర్చి పుస్తకం దగ్గరికి వచ్చాం కాబట్టి కాస్త కూర్చో, అసలు విషయం ఇదే. బాప్తిస్మం నమోదులో నువ్వు బిడ్డ పేరు చూస్తావు, తల్లిదండ్రుల పేర్లు చూస్తావు, పేజీ తిప్పేస్తావు. ఆగు. కింద సాక్షుల పేర్లున్నాయే, అంటే బిడ్డకి జ్ఞానపిత, జ్ఞానమాతగా నిలబడినవాళ్లు, వాళ్లని రాసుకో. మన ఇళ్లల్లో పెళ్లి చదివింపుల పుస్తకం తిరగేస్తే ఎవరు మేనమామో, ఎవరు పక్కింటివాళ్లో తెలిసిపోతుందే, ఇదీ అలాంటిదే. దారినపోయేవాణ్ణి పిలిచి బిడ్డని చేతికివ్వరు కదా? తల్లి అక్కచెల్లెలో, తండ్రి అన్నదమ్ములో, అదే ఓడలో పక్కపక్కన కూర్చుని వచ్చిన ఊరివాడో అయి ఉంటాడు. నీ మనిషి జర్మన్ ఊరు దొరక్కపోయినా ఆ సాక్షి ఊరు దొరకొచ్చు. అప్పుడు ఆ ఊరి పుస్తకంలోనో, పక్క ఊరి పుస్తకంలోనో నీ మనిషి బయటపడతాడు. న్యూయార్క్‌కి 1710లో వచ్చిన కుటుంబాల ఊళ్లు హాంక్ జోన్స్ అనే ఆయన పట్టింది చాలావరకు ఇలాగే, ఇరుగుపొరుగుని వదలకుండా. డిస్నీ సినిమాల్లో వేషాలు వేసిన నటుడాయన. 1985లో ఆ కుటుంబాల మీద రెండు పెద్ద సంపుటాలు వేశాడు. లైబ్రరీలో ఉంటాయి, కొనక్కర్లేదు.

లూథరన్‌లా, రిఫార్మ్‌డ్‌లా అని కూడా అడుగు. చాలా ఊళ్లల్లో రెండు సంఘాలకీ ఒకే గుడి, ఒక ఆదివారం వీళ్లది, మరో ఆదివారం వాళ్లది. అందుకని ఒక పుస్తకంలో లేకపోతే రెండోది చూడాలి. అదీ కాకపోతే స్టోవర్ లాంటి పాస్టర్లు గుర్రం మీద ఊరూరా తిరిగి బాప్తిస్మాలిచ్చి తమ సొంత పుస్తకంలో రాసుకున్నారు. స్టోవర్ పుస్తకం 1730ల నుంచి దాదాపు యాభై ఏళ్లు నడిచింది. మెనొనైట్లయితే చంటిపిల్లలకి బాప్తిస్మమే ఇవ్వరు, అక్కడ వీలునామాలూ భూమి కాగితాలే దిక్కు. మొరేవియన్లయితే నీ అంత అదృష్టవంతురాలు లేదు. వాళ్లల్లో ప్రతివాళ్లూ, ఆడవాళ్లతో సహా, తమ జీవితకథ రాసి పెట్టుకునేవాళ్లు, అంత్యక్రియలప్పుడు అది చదివేవాళ్లు. బెత్లెహేమ్ ఆర్కైవ్స్‌లో కుప్పలుగా ఉన్నాయి.

పేర్ల దగ్గర మాత్రం గుండె నిబ్బరం చేసుకో. ఒకే ఇంట్లో యోహాన్ గేయోర్గ్, యోహాన్ పీటర్, యోహాన్ ఆడమ్ కనిపిస్తే కంగారుపడకు, పిలిచేది రెండో పేరుతో. ఆడవాళ్ల ఇంటిపేరు చివర 'ఇన్' తగిలిస్తారు, మ్యూలర్ గారి అమ్మాయి మ్యూలరిన్. అమెరికా వచ్చాక ష్మిట్ స్మిత్ అయ్యాడు, త్సిమర్‌మన్ కార్పెంటర్ అయ్యాడు, ఐసెన్‌హవర్ ఐసెన్‌హోవర్ అయ్యాడు. అవును, ఆ ప్రెసిడెంటుగారే. ఆయన పూర్వీకుడు హాన్స్ నికొలస్ 1741లో ఫిలడెల్ఫియాలో దిగాడు, ఊరు ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర కార్ల్స్‌బ్రున్. "మా ఇంటిపేరు ఎల్లిస్ ఐలండ్‌లో మార్చేశారు" అని మీ మామగారు చెప్తే నవ్వి ఊరుకో, వాదించకు. ఎల్లిస్ ఐలండ్ తెరిచింది 1892లో. వాళ్లు వచ్చి అప్పటికి నూటయాభై ఏళ్లు.

మరి పేర్లు మారింది ఎక్కడ? చాలావరకు గుమస్తా కలం కింద. 1727లో పెన్సిల్వేనియాలో ఒక నియమం పెట్టారు. ఇన్నిన్ని వేలమంది పరాయి భాషవాళ్లు దిగుతుంటే ఇంగ్లీషువాళ్లకి గుబులు పట్టుకుంది. పదహారేళ్లు దాటిన ప్రతి మగవాడూ ఫిలడెల్ఫియా కోర్టులో నిలబడి రాజుకి విధేయుణ్ణని ప్రమాణం చెయ్యాలన్నారు. అందుకే ఒక్కో ఓడకి మూడు జాబితాలు. మొదటిది ఓడ కెప్టెన్ రాసిచ్చింది, రెండోదీ మూడోదీ ప్రమాణం చేసినవాళ్ల సంతకాలు. కెప్టెన్‌కి జర్మన్ రాదు, చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. సంతకాల జాబితాలో మాత్రం చదువుకున్నవాడు తన పేరు తనే రాసుకున్నాడు, రానివాడి పేరు గుమస్తా రాస్తే గుర్తు పెట్టాడు. మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. స్ట్రాస్‌బర్గర్, హింకె ఇద్దరూ కలిసి 1934లో ఈ జాబితాలన్నీ మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. రెండో సంపుటంలో సంతకాల నకళ్లు ఉన్నదున్నట్టుగా ఉన్నాయి. మీ ఆయన ఏడు తరాల కిందటి తాత చేత్తో రాసిన అక్షరాలు అవి, ఓడలో వారాల తరబడి ఊగి దిగిన చెయ్యి. వంకరగా ఉంటే ఏం?

ఆడవాళ్లూ పిల్లలూ ఆ జాబితాల్లో ఎక్కువగా ఉండరని గుర్తుంచుకో. లేరంటే రాలేదని కాదు. నాకైతే అదే కోపం. ఓడలో బిడ్డల్ని కని, పోగొట్టుకుని వచ్చినవాళ్ల పేర్లకి చోటు లేదు గానీ, పదహారేళ్ల కుర్రాడికి ఉంది.

ఇంకో చిక్కు కౌంటీలతో. మీ అత్తగారు లెబనాన్ కౌంటీ అంటారు, నువ్వు పాపం లెబనాన్ కోర్టులో 1745 వీలునామా వెతుకుతావు. ఎలా దొరుకుతుంది? లెబనాన్ కౌంటీ ఏర్పడిందే 1813లో. 1745లో ఆ పొలం లాంకాస్టర్‌లో ఉంది. లాంకాస్టర్ కూడా 1729లో చెస్టర్ నుంచి విడిపోయింది. మన జిల్లాలు మారినట్టే. కాబట్టి ముందు ఆ ఏడాదికి ఆ ఊరు ఏ కౌంటీలో ఉందో చూసి, ఆ కోర్టు తలుపు తట్టు. భూమి మంజూరు, సర్వే, పట్టా కాగితాలు హారిస్‌బర్గ్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి. జనాభా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ రాయడం మొదలైంది 1850లో. అంతకుముందు ఇంటి పెద్ద పేరు, మిగిలినవాళ్లు అంకెలు. అంకెల్ని చూసి నిరాశపడకు, ఎవరి వయసు ఎంతో లెక్కగట్టడానికి పనికొస్తాయి.

ఇంత తవ్వుతుంటే నీకూ ఒక సంతోషం కలిసి రావచ్చు. కాన్రాడ్ వైజర్ అని ఒకాయన ఉన్నాడు. తల్లి పోయిన ఏడాదే, 1709లో, తండ్రితో పాటు వుర్టెంబర్గ్ వదిలి, మరుసటి ఏడు న్యూయార్క్ చేరాడు. పదహారేళ్లకే తండ్రి పంపితే మోహాక్ తెగవాళ్ల దగ్గర ఉండి వాళ్ల భాష నేర్చుకుని, తర్వాత పెన్సిల్వేనియాలో టల్పహాకెన్ దగ్గర స్థిరపడి పెద్ద దుబాసీగా పేరు తెచ్చుకున్నాడు. వాళ్లమ్మాయి ఆనా మరియాని 1745లో మ్యూలెన్‌బర్గ్ అనే లూథరన్ పాస్టర్ చేసుకున్నాడు. ఆ మ్యూలెన్‌బర్గే 1748లో చెదిరిపోయిన చర్చిలన్నిటినీ ఒక సంఘంగా కూడగట్టాడు. సరిగ్గా ఆ సంఘం పంపిన జర్మన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జులైలో ఎక్కడికొచ్చాడనుకున్నావ్? మన గుంటూరు! గుంటూరు లూథరన్ సంఘం, ఏసీ కాలేజీ, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. మీ అత్తింటివాళ్ల పాత చర్చి కూడా ఆ సంఘంలోదే అయితే, అందులో పళ్లెం తిప్పి పోగుచేసిన చందా డబ్బు గుంటూరు దాకా వచ్చి ఉండొచ్చు. అత్తగారికి ఈ కబురు చెప్పు, ఇంక ఆవిడ నిన్ను వదలరు.

డబ్బు ఖర్చు గురించి ఒక మాట. ఇంటిపేరు టైపు చెయ్యగానే "మీ వంశ చిహ్నం ఇదిగో" అని కవచం బొమ్మ వేసిన కప్పులూ ఫ్రేములూ అమ్మేవాళ్లు ఎదురుపడతారు. కొనకు. ఒకే ఇంటిపేరున్నవాళ్లందరికీ ఒకే చిహ్నం అనేదే ఉండదు, పైగా మనవాళ్లు ద్రాక్షతోట రైతులూ నేతగాళ్లూ. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోవచ్చు, తప్పులేదు. కానీ "జర్మనీలో ఫలానా ఊరు" అని అది చెప్తుందనుకోకు. ఎనిమిది తరాలు వెనక్కి వెళ్తే తాతలూ నానమ్మలూ కలిపి 256 మంది. అందులో కొందరి ముక్క ఒక్కటి కూడా మీ వాడి ఒంట్లో మిగిలి ఉండకపోవచ్చు. అది ఉపయోగపడేది కొత్త దాయాదుల్ని చూపించడానికి. వాళ్లల్లో ఎవరి అటక మీదో ఆ చిలకల బొమ్మ ఉందేమో, ఎవరు చెప్పొచ్చారు? ఫ్యామిలీసెర్చ్ ఉచితం, ముందు అది పూర్తిగా వాడు. జర్మన్ ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలకి ఆర్కియాన్ అనే చోట డబ్బు కట్టాలి. ఊరు పేరు తేలాకే కట్టు, ఒక నెలకి చాలు.

వెతుకుతుంటే మనసు చివుక్కుమనే సంగతులూ దొరుకుతాయి. ఓడ ఛార్జీ కట్టలేక దిగగానే నాలుగైదేళ్లకి తమని తాము అమ్ముకున్నవాళ్లున్నారు. పిల్లల్ని వేరే ఇంటికి పనికి పంపి, ఏళ్ల తరబడి చూడనివాళ్లున్నారు. 1790 లెక్కల్లో బానిసలకి ఒక గడి ఉంటుంది. అందులో సున్నా కాకుండా అంకె కనబడితే ఏం చేస్తావ్? దాచకు. 1688లో బానిసత్వం తప్పని మొదట కాగితం మీద పెట్టి సంతకాలు చేసిందీ జర్మన్‌టౌన్‌వాళ్లే, ఆ తర్వాత బానిసల్ని కొన్నదీ వాళ్ల తోటివాళ్లే. వాళ్లు దున్నిన పొలాలు అంతకుముందు లెనాపే తెగవాళ్లవి. 1737లో ఒక మోసపు కొలతతో లెనాపేల నేల ఎంత లాక్కున్నారో పాఠాల్లోనే ఉంది. పిల్లలకి వయసుకి తగ్గట్టు చెప్తే అర్థం చేసుకుంటారు. మీ ఆయన ముఖం మాత్రం కాసేపు చిన్నబోతుంది, ఆ పూట ఆయనకిష్టమైనది వండిపెట్టు.

తేదీల గురించి గబగబా చెప్పేస్తాను. 1752 దాకా ఇంగ్లీషు పాలనలో పాత పంచాంగం నడిచింది, కొత్త సంవత్సరం మార్చి 25న. జర్మనీలో అప్పటికే కొత్తది. ఫిబ్రవరి తేదీ కనబడితే పక్కన రెండు సంవత్సరాలూ రాసుకో, తర్వాత తేల్చుకోవచ్చు. దొరికిన ప్రతి ముక్కా ఏ పుస్తకంలో, ఏ పేజీలో దొరికిందో అప్పుడే రాసుకో. రేపు రాస్తాలే అంటే ఆ రేపు రాదు, నీ సంగతి నాకు తెలుసు.

ఊరు దొరికిందే అనుకో, అప్పుడు జర్మనీ ప్రయాణం కట్టండి. కట్టేముందు ఈమెయిల్ రాయి. పాత పుస్తకాలు చాలావరకు ఊరి చర్చిలో ఉండవు, పెద్ద ఆర్కైవ్స్‌కి వెళ్లిపోయాయి. రైన్ ఒడ్డున ఉన్న పలాటినేట్ ప్రాంతపు ప్రొటెస్టెంట్లవి స్పైయర్‌లో ఉంటాయి. కైజర్స్‌లౌటర్న్‌లో వలసపోయినవాళ్ల పేర్లతో కార్డులు పెట్టిన సంస్థ ఉంది, ముందుగా అడిగితే సాయం చేస్తారు. ఆ కాలపు చేతిరాత మన కంటికి అల్లిన దారంలా కనబడుతుంది, ఈ లోపల రోజూ రాత్రి ఓ పేజీ చదవడం అలవాటు చేసుకో. 1689లో ఫ్రెంచి సైన్యం ఆ ప్రాంతంలో ఎన్నో ఊళ్లు తగలెట్టినప్పుడు చాలా పుస్తకాలు పోయాయి, అంతకు వెనక్కి దొరక్కపోతే తప్పు నీది కాదు. సమాధుల కోసం మాత్రం వెతక్కండి. అక్కడ ఇరవై, ముప్ఫై ఏళ్లకి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, 1700ల నాటి రాయి నిలిచి ఉండటం అరుదు. మీ వాడికి ఈ సంగతి విమానం ఎక్కకముందే చెప్పి ఉంచు, లేకపోతే సమాధి చూపించమని ఊరంతా తిప్పుతాడు.